తగ్గింపు ఎవరి యెదుట? ఆరాధన జీవితమును గూర్చి ఒక విమర్శ

ఉపోద్ఘాతము

కొన్ని సంవత్సరముల క్రితము, శుభ శుక్రవారమునకు ముందు రాత్రి, పామూరు ప్రాంతములోని ఒక చిన్న సంఘములో పాదములు కడుగు ఆచారమును జరిపితిమి. యోహాను సువార్త 13వ అధ్యాయము చదివి, తగ్గింపును గూర్చి ముప్పావు గంట ప్రసంగించితిమి. తరువాత పళ్లెము, తువాలు తీసికొని ముందు వరుసలోని ఒక వృద్ధుని యొద్దకు వెళ్లగా, ఆయన తన కాళ్లు వెనుకకు తీసికొనెను. పేతురువలె మొహమాటపడుచున్నాడని తలంచి బలవంతము చేసితిమి. అప్పుడు ఆయన నెమ్మదిగా ఇట్లనెను: "అయ్యగారూ, మా నాయన చెప్పులు కుట్టేవాడు. తాను కుట్టిన చెప్పులే చేతబట్టుకొని పెద్ద బజారున నడిచేవాడు. తగ్గింపు మాకు కొత్తగా నేర్పాల్సిన పని లేదయ్యా. ఎవరికాడ తగ్గాలో, ఎవరికాడ తగ్గగూడదో, అది చెప్పండి."

ఆ రాత్రి మాయొద్ద జవాబు లేదు. ముప్పావు గంట ప్రసంగములో ఆ ప్రశ్నకు సంబంధించిన మాట ఒక్కటియు లేదని మాత్రము తెలిసికొంటిమి. ఈ వ్యాసము ఆ వృద్ధునికి మేము బాకీపడిన జవాబు.

ఆరాధన అనగా జీవిత విధానమనియు, దానికి తగ్గింపు మూలమనియు మన సంఘములలో తరచుగా బోధింపబడుచున్నది. ఆ బోధ సత్యమే. అయితే "ఎవరి యెదుట" అను ప్రశ్నను విడిచిపెట్టి బోధించినప్పుడు ఆ సత్యమే మనుష్యుల మెడమీద కాడిగా మారును. దేవుని యెదుట వంగినవాడు మనుష్యుల యెదుట బానిసగా వంగనక్కరలేదనియు, తగ్గింపును మొదట అడుగవలసినది ఎత్తులో కూర్చున్నవారిని అనియు ఈ వ్యాసములో చూపుటకు ప్రయత్నించుచున్నాము. ఇందుకు మొదట వాక్యమును, తరువాత మన పడమటి గ్రామములలోని తొలి విశ్వాసుల చరిత్రను ఆధారము చేసికొనుచున్నాము.

1. రెండు మాటలు కుదించుకొనిపోయిన విధము

నేడు మన కూడికలలో "ముందు ఆరాధన, తరువాత వాక్యము" అని ప్రకటించుట పరిపాటి అయినది. అనగా వాక్యము ఆరాధన కాదు, కానుక ఆరాధన కాదు, ప్రభురాత్రి భోజనము సహితము ఆరాధన కాదు. కీబోర్డు, ప్యాడ్సు, సౌండు బాక్సులతో సాగు నలుబది నిమిషముల పాటలే ఆరాధన. "ఈ రోజు ఆరాధన చాలా బాగున్నదండి" అని విశ్వాసి చెప్పినప్పుడు, పాట బాగా కుదిరినదని అర్థము. సోమవారమున అతడు మేస్త్రీగా ఇచ్చిన కూలి, ఆమె అంగడిలో తూచిన తూకము, వారు కోడలితో మాట్లాడిన మాట ఈ ఆరాధన లెక్కలోనికి రావు.

తగ్గింపు అను మాటయు ఇట్లే చిన్నదైపోయినది. మైకు పట్టుకొన్న బోధకుడు "నేను ధూళిని, అల్పుడను, ఎందుకును పనికిరానివాడను" అని మొదలుపెట్టును. అదే వేదిక వెనుక ఫ్లెక్సీమీద ఆయన ఫొటో అందరి ఫొటోలకంటె పెద్దదిగా ఉండును. పేరునకు ముందు మూడు బిరుదులు, పేరు క్రింద "దీన దాసుడు" అను మాట ఉండును. ఈ రెండింటికి పొంతన కుదరదని పిల్లలు సహితము గ్రహించుచున్నారు. మనము మాత్రము గ్రహించుట లేదు.

ఇంకొక సంగతి పరిశీలింపదగినది. "అతనికి తగ్గింపు లేదు" అని మన సంఘములలో ఎవరిని గూర్చి చెప్పుచున్నాము? కమిటీలో లెక్కలు అడిగిన యౌవనస్థుని గూర్చి, అత్తకు ఎదురుచెప్పిన కోడలిని గూర్చి, తమకును ఒక మాట చెప్పు అవకాశము కావలెనని కోరిన స్త్రీల సమాజపు సభ్యురాలిని గూర్చి. లెక్కలు చూపని కోశాధికారికి తగ్గింపు లేదని ఎవరును అనరు. ముప్పది సంవత్సరములు కుర్చీ విడువని పెద్దకు తగ్గింపు లేదని ఎవరును అనరు. మాట క్రిందివారివైపునకే ప్రవహించుచున్నది. ఒక సద్గుణమును బలహీనులకు మాత్రమే విధించినప్పుడు అది సువార్త అగునా, లేక ఊరి కట్టుబాటు మన గుడిలోనికి వేషము మార్చుకొని వచ్చినదా అని విమర్శించుకొనవలసియున్నది.

2. వాక్యపు సాక్ష్యము

పాత నిబంధనలో ఆరాధనకు వాడబడిన ముఖ్యమైన హెబ్రీ క్రియాపదము "ఆవద్". దాని నామవాచకము "అవోదా". నేలను సేద్యపరచుట (ఆదికాండము 2:15), బానిసగా పనిచేయుట, దేవుని సేవించుట అను మూడు అర్థములును ఆ ఒక్క ధాతువునకు ఉన్నవి. నిర్గమకాండము ఈ పదముమీదనే నడచుచున్నది. మొదటి అధ్యాయములో ఫరో ఇశ్రాయేలీయులచేత జిగటమంటి పనిలో, ఇటుకల పనిలో చేయించుకొన్న వెట్టి "అవోదా". మూడవ అధ్యాయములో వారు పర్వతమునొద్ద దేవునికి చేయబోవునది అదే ధాతువు. చివరి అధ్యాయములలో ప్రత్యక్షపు గుడారముకొరకు తమ చేతులతో చేసిన పనియు "అవోదా". కాబట్టి నిర్గమకాండమంతయు, ఈ జనులు ఎవరికి సేవచేయువారు అను ఒక వ్యాజ్యెము అని చెప్పవచ్చును. ఇశ్రాయేలు దేవునికి సేవచేయవలెనంటే ఫరోకు వెట్టిచేయుట ఆగవలెను. ఆరాధన మొదలగుటకు ముందు యజమానుడు మారవలెను. వెట్టిచాకిరి అను మాట ఎరిగిన మన ప్రాంతపు శ్రోతకు ఈ సంగతి వివరించుటకు వ్యాఖ్యాన గ్రంథములు అక్కరలేదు.

క్రొత్త నిబంధనలో "ప్రొస్కునేఓ" అనగా వంగి నమస్కరించుట. "లాత్రేయా" అనగా సేవ. మొదటి పదమును మార్కు ఒకచోట భయంకరమైన రీతిలో వాడెను. సైనికులు ప్రభువునకు ముండ్ల కిరీటము పెట్టి, ఆయనను కొట్టుచు, మోకాళ్లూని ఆయనకు చేసిన అపహాస్యపు నమస్కారమునకు ఆ పదమునే ప్రయోగించెను (మార్కు 15:19). అనగా మోకాలు వంగినంత మాత్రమున ఆరాధన జరిగినట్లు కాదు. అరణ్యములో శోధకుడు ప్రభువును కోరినదియు ఇదే నమస్కారము. ప్రభువు పైన చెప్పిన రెండు పదములను కలిపి, నమస్కారమును సేవయు దేవునికి మాత్రమే అని ద్వితీయోపదేశకాండమునుబట్టి ప్రత్యుత్తరమిచ్చెను (మత్తయి 4:10). శోధకుని యెదుట వంగకపోవుట ఆయన తగ్గింపునకు లోటు కాలేదు. దూరా మైదానములో నిలిచిన ముగ్గురు యౌవనస్థులకును (దానియేలు 3), రాజద్వారములో వంగని మొర్దెకైకిని (ఎస్తేరు 3:2) అంతే. వంగరాని చోట వంగకపోవుటయు ఆరాధనలో భాగమే.

రోమా పత్రిక 12వ అధ్యాయము మొదటి వచనమును మనము ఆరాధన కూడికలలో విరివిగా వాడుచున్నాము. శరీరములను సజీవ యాగముగా సమర్పించుటను పౌలు "లాత్రేయా" అనెను. మన తెలుగు బైబిలులో అది "సేవ" అయినది. అయితే అక్కడ ఆగిపోవుట మన పొరపాటు. మూడవ వచనములోనే, ఎవడును తన్ను తాను ఎంచుకొనవలసిన దానికంటె ఎక్కువగా ఎంచుకొనరాదని పౌలు హెచ్చరించుచున్నాడు. పదునారవ వచనములో హెచ్చు వాటిని కోరక, తగ్గువారితో కలిసి నడువవలెనని చెప్పుచున్నాడు. ఈ యాగము ఎట్టిదో చూపుటకు పౌలు సంగీత సాధనములను ఉదహరింపలేదు. పంచిపెట్టుట, అతిథులను చేర్చుకొనుట, ఏడ్చువారితో ఏడ్చుట, శత్రువునకు అన్నము పెట్టుట అను సంగతులను వరుసగా పేర్కొనెను. ఆరాధన అధ్యాయములోనే తగ్గింపు ఉన్నది. ఆ తగ్గింపు అధ్యాయములోనే ప్రక్కవాని కన్నీరు, పగవాని ఆకలి ఉన్నవి.

మీకా 6:6-8 మరియొక సాక్ష్యము. దేవుని సన్నిధికి ఏమి తీసికొని రావలెనను ప్రశ్నకు అక్కడ వినబడు జవాబులు అంతకంతకు పెరుగును: ఏడాది దూడలు, తరువాత వేలకొలది పొట్టేళ్లు, తరువాత నదులంత నూనె, చివరకు జ్యేష్ఠపుత్రుడు. మన మహాసభల ఖర్చు ఏటేటా పెరుగుట చూచినప్పుడెల్ల ఈ జాబితా మాకు జ్ఞాపకము వచ్చును. ప్రవక్త ఆ జాబితాను ప్రక్కకు త్రోసి మూడు సంగతులు చెప్పెను: న్యాయము, కనికరము, దేవునితో దీనమైన నడత. మూడవదానికి వాడబడిన హెబ్రీ ధాతువు బహు అరుదైనది; హెబ్రీ బైబిలులో ఇక్కడను, సామెతలు 11:2లోను మాత్రమే కనబడును. సామెతలలో అది గర్వమునకు ప్రతిపక్షముగా నిలిచినది. ఇక్కడ అది "నడచుట" అను క్రియకు అతుకబడి ఉన్నది. దీనత్వము ఒక భంగిమ కాదు. దారిపొడుగున సాగవలసిన నడక. ఆ మూడింటి వరుసయు ముఖ్యము. న్యాయము మొదటిది. మనము ప్రసంగములలో మొదటిదానిని దాటవేసి మూడవదానికి పోవుచున్నాము. అన్యాయము సహించిన కూలివానికి దీనత్వమును, అన్యాయము చేసినవానికి ఆశీర్వాదమును పంచుచున్నాము. మీకా ఈ వరుసను ఒప్పుకొనడు.

కొలొస్సయి పత్రిక మరింత సూటిగా మాట్లాడుచున్నది. 2:18, 2:23 వచనములలో పౌలు "తపైనొఫ్రొసునే" అను పదమును, అనగా సాధారణముగా తాను మెచ్చుకొను వినయము అను పదమునే, తప్పుడు బోధకుల లక్షణముగా చూపెను. మన తెలుగు అనువాదకులు మొదటి చోట "అతి" అను విశేషణమును చేర్చి భేదము చూపిరి; మూలములో ఉన్నది వినయమే. రెండవచోట దాని ప్రక్కనే "స్వేచ్ఛారాధన" అను మాట ఉన్నది. మనుష్యులు తమంతట తాము కల్పించుకొన్న ఆరాధనయు, ప్రదర్శించు వినయమును జంటగా నడచునని అపొస్తలుడు పందొమ్మిది వందల సంవత్సరముల క్రితమే గుర్తించెను. కాబట్టి ఈ విషయమును విమర్శించుట భక్తిహీనత అనుకొనరాదు. లేఖనమే ఈ విమర్శకు మార్గము చూపినది.

3. పడమటి గ్రామముల సాక్ష్యము

ఇక మన ప్రాంతపు చరిత్రకు వచ్చెదము. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడకముందు కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండెను. ఈ మెట్ట గ్రామములలోనికి బాప్తిస్టు సువార్త వచ్చిన మార్గము మన విద్యార్థులు చదువుకొన్నదే. అయినను ఆరాధన అను కోణమునుండి దానిని తిరిగి చదువవలసియున్నది.

యర్రగుంట్ల పేరయ్య తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ. తోళ్ల వ్యాపారము చేయువాడు. రాజయోగ బోధలను ఎరిగి, దేవుని వెదకినవాడు. వ్యాపారము నిమిత్తము ఉత్తరమున గోదావరి, ఏలూరు ప్రాంతములకు వెళ్లినప్పుడు సువార్త విని, 1866లో లైమన్ జ్యూయెట్ చేత బాప్తిస్మము పొందెను. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిదిమంది సభ్యులతో సంఘము ఏర్పడినది. ఆ నెలలోనే జాన్ ఇ. క్లౌ తాళ్లకొండపాడుకు వెళ్లగా, అక్కడ పేరయ్య సిద్ధపరచినవారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ విశ్వాసులకు పాటల పుస్తకములు లేవు, చదువు లేదు, మందిరము లేదు. వారి ఆరాధన దేనివలన గుర్తింపబడెను? తొలి దినములలో వారియెదుట ఉంచబడినవి మూడు నియమములని క్లౌ తన జీవిత కథనములో తెలిపెను: ఆదివారమున పనిచేయకుండుట, చచ్చిన పశువుల మాంసము తినకుండుట, విగ్రహములకు మ్రొక్కకుండుట. చూచుటకు ఇవి చాల చిన్నవి. ఏ వేదాంత కళాశాలయు వీటిని ఆరాధన సిద్ధాంతముగా బోధింపదు. అయితే ఊరు వాటి బరువును వెంటనే గ్రహించెను. ఆదివారము పనిచేయకపోవుట అనగా, ఏడింట ఒక దినమున మాదిగవాని శరీరము ఊరిది కాదు. చచ్చిన పశువును తినకపోవుట అనగా, ఊరు జీతముగా విసరిన దానిని అతడు జీతముగా ఒప్పుకొనడు. విగ్రహములకు మ్రొక్కకపోవుట అనగా, జాతరలో డప్పు మ్రోగదు. డప్పు మ్రోగనిదే గ్రామదేవత కొలుపు సాగదు. కరణములకు, మునసబులకు, భూస్వాములకు కోపము వచ్చుటలో ఆశ్చర్యము లేదు. బావులు మూయబడెను, పనులు తప్పిపోయెను, లేని నేరములు మోపబడెను.

ఇక్కడ మన ప్రశ్నను ఉంచి చూడవలెను. డప్పు కొట్టనని చెప్పిన ఆ మనుష్యునికి తగ్గింపు ఉన్నదా, లేదా? ఊరి దృష్టిలో అతడు గర్విష్ఠి. "మాదిగోడికి పొగరెక్కింది" అని తీర్పు. దేవుని దృష్టిలో అతడు తన జీవనాధారమును పణముగా పెట్టి ఒక్కని యెదుట మాత్రమే మోకరించిన ఆరాధకుడు. రోమా 12:1లోని సజీవ యాగము, నిర్గమకాండములోని యజమానుని మార్పు, మత్తయి 4:10లోని "మాత్రమే" అను నిబంధన, ఈ మూడును అతని మౌనమైన డప్పులో నెరవేరెను.

ఇక్కడ ఒక అపార్థమునకు తావీయరాదు. ఆ పితరులు నిరాకరించినది డప్పు అను వాయిద్యమును కాదు. దాని వెనుకనున్న కొలుపును, వెట్టిని. 1994లో మన జిల్లాలోని ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమము అదే డప్పును ఆత్మగౌరవపు గుర్తుగా చేతబట్టినది. ఒకే వాయిద్యము ఒక కాలములో వెట్టికి, మరియొక కాలములో ఆత్మగౌరవమునకు గుర్తు అయినది. ఎవరికొరకు మ్రోగుచున్నది అనునదే అసలు ప్రశ్న.

చెప్పులను గూర్చియు ఇట్లే ఆలోచింపవలెను. లేఖనములో చెప్పులు తరచుగా తగ్గింపునకు గుర్తు. మండుచున్న పొదయొద్ద మోషే చెప్పులు విడిచెను. బాప్తిస్మమిచ్చు యోహాను తాను ప్రభువు చెప్పుల వారును విప్పుటకు పాత్రుడను కానని చెప్పెను. ఈ వాక్యములను మనము చెప్పులు కుట్టినవారి మనుమల యెదుట బోధించుచున్నాము. తన చేతులతో కుట్టిన చెప్పులను పెద్దల వీధిలో కాలికి తొడుగుకొన వీలులేని మనుష్యునికి, చెప్పులు విడుచుట అనగానే మొదట జ్ఞాపకము వచ్చునది హోరేబు కాదు, ఊరి బజారు. కాబట్టి బోధకుడు ఈ రెండింటి భేదమును విప్పి చెప్పవలెను. హోరేబునొద్ద చెప్పులు విడువుమని చెప్పిన దేవుడు, మోషేను పంపినది ఫరో యెదుట నిటారుగా నిలిచి మాటలాడుటకే.

4. చరిత్రను మనము వాడుకొనుచున్న తీరు

ఈ సంగతులకు మనకున్న ముఖ్యాధారములు రెండు ఆంగ్ల గ్రంథములు. "చెప్పులు కుట్టుచుండగా" అను అర్థమిచ్చు పేరుతో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వెలువరించిన గ్రంథము ఒకటి. జాన్ క్లౌ చెప్పగా ఆమె వ్రాసి, ఆయన మరణము తరువాత 1914లో ప్రచురించిన జీవిత కథనము మరియొకటి. ఎమ్మా, సామాజిక సువార్త వేదాంతి వాల్టర్ రౌషెన్‌బుష్ సహోదరి. స్త్రీల హక్కులను గూర్చి వ్రాసిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్‌పై పరిశోధన చేసిన విద్యావంతురాలు. మాదిగ పెద్దల నోటి మాటలను శ్రద్ధగా ఆలకించి వ్రాసినందుకు మనము ఆమెకు ఋణపడియున్నాము. అయితే ఆమెయు మిషనరీ బంగళా వరండాలోనుండియే చూచెను. అణిగి మణిగి ఉండుట ఆ ప్రజల స్వభావము అన్నట్లు కొన్నిచోట్ల ధ్వనించుట ఆనాటి పాశ్చాత్య రచనలలోని బలహీనత. వంచబడిన వెన్నును వినయముగా పొరపడరాదు. తగ్గింపు అను సద్గుణములో ఇష్టపూర్వకత ఉండవలెను. క్రీస్తు తన్ను తాను తగ్గించుకొనెను. ఆయనను ఎవరును తగ్గింపలేదు (ఫిలిప్పీ 2:8). బలవంతముగా తగ్గింపబడినవానికి సువార్త మొదట లేచి నిలుచు శక్తిని ఇచ్చును. నిలిచినవాడే ఇష్టపూర్వకముగా వంగగలడు.

ఆ 1914 గ్రంథములోనే మనము తక్కువగా ప్రసంగించు ఒక సంఘటన ఉన్నది. ఒంగోలులో తొలి సంవత్సరములలో అగ్రవర్ణములవారు కొందరు క్లౌ బోధయందు ఆసక్తి చూపిరి. మాదిగలను చేర్చుకొనినయెడల తాము రాలేమని చెప్పిరి. క్లౌ దంపతులు వేర్వేరు గదులలో ప్రార్థించుచు బైబిలు తెరువగా, ఇద్దరికిని 1 కొరింథీయులకు 1వ అధ్యాయములో, దేవుడు లోకములో నీచులైనవారిని ఏర్పరచుకొనెనను భాగము ఎదురైనదని ఆయన చెప్పెను. వారు మాదిగలవైపు నిలిచిరి. గొప్పవారి పిల్లలు బడి విడిచిపోయిరి. ఇక్కడ తగ్గింపు ఎవరిది? పైనున్నవారిది. తన పలుకుబడిని పోగొట్టుకొనుటకు సిద్ధపడిన బోధకునిది. క్రిందివారిని ఇంకను క్రిందికి వంచిన తగ్గింపు అది కాదు. పైవారు దిగివచ్చిన తగ్గింపు.

1878ని గూర్చియు ఒక మాట. ఆ సంవత్సరము జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరని మనము ప్రతి శతజయంతిలోను, ప్రతి మహాసభలోను చాటుచున్నాము. సంఖ్య సత్యమే, 2వ తేదీన 614, 4వ తేదీన 700 కలిపి మూడు దినములలో 3,536. అయితే ఆ సంఖ్య చుట్టునున్న రెండు సంగతులను మనము చాటుట లేదు. మొదటిది: 1876–78 కరవులో క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టుగా తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను, ఆ కాలమున అన్నము కొరకు చేరుచున్నారను అనుమానమునకు తావీయరాదని పదునైదు నెలలు బాప్తిస్మములను ఆపివేసెను. సంఖ్యలు తమంతట తాము వచ్చిపడుచున్న కాలములో సంఖ్యలను ఆపుకొనుట ఎంతటి తగ్గింపో నేటి పరిచర్య నివేదికలు వ్రాయువారమైన మనకు తెలియవలెను. రెండవది: ఆ జులై 3న బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు దేశీయ బోధకులు, ఇద్దరిద్దరు వంతులవారీగా. క్లౌ తాను నీళ్లలోనికి దిగలేదు. దావీదు జనసంఖ్య చేయించి పొందిన శిక్షను (2 సమూయేలు 24) బోధించు మనము, 2,222ను మన ఘనతగా లెక్కించుట మానుకొనవలెను.

5. కాపరి తగ్గింపు

ఇంతవరకు ఇతరులను విమర్శించితిమి. ఇప్పుడు మమ్మును మేము పరీక్షించుకొనవలెను. ఒకసారి ఒక మహాసభ కరపత్రములో మా పేరు, మాకంటె చిన్నవాడైన ఒక బోధకుని పేరు క్రింద ముద్రింపబడెను. ఆ సభకు వెళ్లితిమి గాని మూడు దినములు మనస్సు మండెను. ఆ మూడు దినములలో మేము చేసిన ప్రసంగాంశము ఫిలిప్పీ 2వ అధ్యాయము. వినినవారు కన్నీరు విడిచిరి. మాకు మాత్రము కరపత్రమే కనబడుచుండెను. ఈ సంగతి వ్రాయుట సిగ్గుకరమే. అయినను దీనిని దాచి తగ్గింపును గూర్చి వ్యాసము వ్రాయుట అంతకంటె సిగ్గుకరము.

పేతురు మొదటి పత్రిక 5వ అధ్యాయము కాపరులకు నిలువుటద్దము. మందమీద ప్రభువులైనట్టు ఉండరాదని పెద్దలకు చెప్పిన తరువాతనే, యౌవనులు లోబడవలెనని చెప్పెను; వెంటనే అందరును ఒకరియెడల ఒకరు వినయమును ధరించుకొనవలెనని చెప్పెను. ఆ "ధరించుకొనుట"కు వాడిన గ్రీకు పదము, పనివాడు నడుమునకు గుడ్డ కట్టుకొనుటను సూచించునని పండితులు చెప్పుదురు. తువాలు కట్టుకొన్న ప్రభువును చూచిన పేతురునకు ఆ మాట ఊరకయే వచ్చియుండదు. పెద్దలకు మొదట, యౌవనులకు తరువాత, అందరికిని పరస్పరముగా: ఈ వరుసను తలక్రిందులు చేసి, యౌవనులకు లోబడుమని చెప్పి పెద్దలను విడిచిపెట్టుట వాక్యమును వక్రించుట.

6. రెండు అభ్యంతరములు

పాటలతో చేయు ఆరాధనను ఇట్లు తక్కువచేయవచ్చునా అని కొందరు అడుగవచ్చును. మేము తక్కువచేయుట లేదు. కీర్తనల గ్రంథము లేని ఆరాధనను ఊహింపలేము. పురుషోత్తమ చౌదరి మొదలుకొని మన కీర్తనకారులు తెలుగు విశ్వాసికి ప్రార్థించుటకు భాషను ఇచ్చిరి. నాట్లు వేయుచు, కంది కోయుచు మన స్త్రీలు పాడుకొనునవి ఆ కీర్తనలే. అక్కడ పాట పనిలో కలిసిపోయినది గనుక అది ఆరాధనయే. పనినుండి వేరై, పనిని మరపించు మత్తుగా మారినప్పుడే ఆమోసు ప్రవక్త కోపము (ఆమోసు 5:21-24) మనమీదికి వచ్చును.

రెండవ అభ్యంతరము మరింత బలమైనది: "ఎవరి యెదుట తగ్గవలెను అని లెక్కచూచుకొను తగ్గింపు తగ్గింపే కాదు, ప్రభువు తనను కొట్టినవారి యెదుట సహితము తగ్గెను గదా?" ఇందులో సత్యమున్నది. శిష్యుడు తన హక్కును విడుచుకొనవచ్చును, ప్రభువు విడిచెను. అయితే ప్రధానయాజకుని యెదుట బంట్రౌతు కొట్టినప్పుడు, నన్నెందుకు కొట్టుచున్నావని ఆయన అడిగెను (యోహాను 18:23). అడుగుట తగ్గింపునకు విరోధము కాలేదు. మరియు నా హక్కును విడుచుట నా యాగము. నా పొరుగువాని హక్కును విడిచిపెట్టుమని నేను చెప్పుట యాగము కాదు, దోపిడి. బోధకుడు తన చెంపను చూపవచ్చును గాని, కూలివాని చెంపను చూపుటకు అతనికి అధికారము లేదు.

ముగింపు

ఈ పరిశీలనను విద్యార్థులు తమ పరిచర్యలో పరీక్షించి చూచుటకు మూడు సూచనలు చేయుచున్నాము. మొదటిది, "ఆరాధన" అను మాటను పాటల భాగమునకు మాత్రమే వాడుట మానుకొందము. కూడిక మొత్తమును, దానినుండి బయలుదేరు వారము దినములను ఆ మాటలో చేర్చుదము. రెండవది, తగ్గింపును గూర్చి ప్రసంగము సిద్ధపరచునప్పుడు, ఇది ఎవరిని వంచుచున్నది, ఎవరిని లేపుచున్నది అని కాగితముమీద వ్రాసికొందము. మరియ కీర్తనలో (లూకా 1:52) ఈ రెండు క్రియలును కలిసియే ఉన్నవి. మూడవది, సంఘపు లెక్కలు సంవత్సరమునకు ఒకసారి అందరి యెదుట చదివించుదము. ఇది పరిపాలనా విషయమని కొందరు నవ్వవచ్చును. పెద్ద తన చేతిలోని పుస్తకమును అందరికి చూపించుట మా దృష్టిలో ఆరాధనయే.

ఆ వృద్ధుడు ఇప్పుడు లేడు. మరుసటి సంవత్సరము శుభ శుక్రవారమునకు ముందు రాత్రి మేము మరల ఆ సంఘమునకు వెళ్లితిమి. ఈసారి ముప్పావు గంట ప్రసంగము చేయలేదు. దేవుని యెదుట తగ్గవలెననియు, ఫరో యెదుట తగ్గరాదనియు, ప్రక్కవాని యెదుట ప్రేమతో తగ్గవచ్చుననియు, ఈ మూడవదానిని మొదట మేమే చేయవలెననియు చెప్పి ముగించితిమి. ఆయన కొంతసేపు ఆలోచించి, గోడ ప్రక్కన విడిచిన చెప్పులను ఒకసారి చూచి, కాళ్లు ముందుకు చాచెను. మడమలు బీటలు వారియుండెను. కడుగుటకు చాల సమయము పట్టెను. తరువాత ఆయన పళ్లెము మా చేతిలోనుండి తీసికొని, "ఇప్పుడు మీరు కూర్చోండయ్యా" అనెను.